పన్నెండు బొమ్మల చావు

డెన్మార్క్ వాళ్ళు తోడేలును మళ్ళీ తిప్పి పంపారు. ఫాక్సులో రెండే వాక్యాలు. మీ తోడేలు చూడటానికి బాగుంది గానీ, నడిస్తే కుక్క. శనివారంలోగా నడక సరిచేయకపోతే ఈ పని వేరే ఊరివాళ్ళకు ఇచ్చుకుంటాం.

కిషన్ రావు ఆ కాగితాన్ని తెచ్చి రచన ముందున్న లైటు బల్ల మీద, సరిగ్గా తోడేలు బొమ్మ మూతి మీద పెట్టి, ఒక్క మాటా అనకుండా తన గదిలోకి వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది. అశోక్ నగర్‌లో మూడో అంతస్తులో ఉన్న ఆ బొమ్మల ఆఫీసులో రచన చేరి రెండున్నర నెలలైంది. మూడు నెలలు చూసి, పని నచ్చితేనే ఉంచుకుంటామని యజమాని కిషన్ రావు ముందే చెప్పాడు. తోడేలు నడిస్తే రచన ఉంటుంది. నడవకపోతే చిక్కడపల్లిలో ప్రెస్సు మెట్లెక్కి మళ్ళీ పెళ్ళి పత్రికల మీద వినాయకుణ్ణి గీసుకుంటుంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియక ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

తోడేలు పేరు ఫెన్రిర్. ఎక్కడో చలిదేశాల పురాణంలోది. డెన్మార్క్ వాళ్ళు తయారుచేస్తున్న కంప్యూటర్ ఆటలో కత్తి పట్టుకున్న వీరుడొకడు మంచులో పోతుంటే ఇదీ దీని పిల్లలూ మీద పడతాయి. ఆడేవాడు వాటిని నరుక్కుంటూ పోవాలి. ఆ పేరు ఆఫీసులో ఎవరికీ నోరు తిరక్క, కంప్యూటర్ మీద రంగులు వేసే సుమంత్ దానికి ఫణీంద్ర అని పేరు పెట్టేశాడు. ఫణీంద్రగారు ఇవాళ నడిచారా అని పొద్దున్నే అడగడం అతనికి అలవాటైపోయింది. ఆ రోజు మాత్రం అడగలేదు.

రచన పాత బొమ్మలన్నీ మళ్ళీ ముందేసుకుంది. నడక ఒక వరసకు పన్నెండు బొమ్మలు. అంచున రంధ్రాలున్న కాగితాన్ని బల్లకున్న మేకులకు తగిలించి, కింద లైటు వెలుతురులో వెనకటి బొమ్మ కనిపిస్తుండగా తర్వాతి బొమ్మ గీయాలి. గీసిన కాగితాలు వేళ్ళ సందుల్లో పట్టుకుని రెపరెపలాడిస్తే బొమ్మ నడుస్తుంది. మొదటిసారి వీధికుక్కను చూసి గీసింది. తోక పైకుందని తిప్పి పంపారు. రెండోసారి ఆదివారం పూట జూకు పోయి, తోడేలు బోను ముందు మూడు గంటలు నిలబడి గీసుకొచ్చింది. దానికి వచ్చిన జవాబే ఈ ఫాక్సు.

ఆమె అలా కాగితాలు ఆడిస్తూ ఉండగానే బిల్డింగ్ వాచ్‌మన్ దాసయ్య చాయ్ ఫ్లాస్కు పట్టుకుని లోపలికొచ్చాడు. యాభై ఐదు దాటిన మనిషి. పాలమూరు జిల్లా వాడు, భార్య బుగ్గమ్మతో మెట్ల కింద గదిలో ఉంటాడు. ఆఫీసు తాళంచెవి ఒకటి ఎప్పుడూ అతని దగ్గరే ఉంటుంది. ఫ్లాస్కు పెట్టి పోవలసినవాడు పోకుండా రచన వేళ్ళ దిక్కే చూస్తూ నిలబడ్డాడు.

"జూల ఉన్నదాన్ని చూసి గీసిన్రా అమ్మ?" అని అడిగాడు.

రచన వేళ్ళు ఆగిపోయాయి. నీకెట్ల తెలుసని అడిగింది.

"నాలుగడుగులేసి మళ్ళేటట్టున్నది. బోన్ల ఉన్నది గట్లనే నడుస్తది. బయటి తోడేలుకు యాడికి పోవాల్నో ఎరికె. అది దారి మీద దారి పెడ్తది."

దారి మీద దారి అంటే ఏమిటో అతను బల్ల మీద రెండు చేతుల వేళ్ళతో చూపించాడు. ముందుకాలు తీసిన గుర్తులోనే వెనకకాలు వచ్చి పడుతుంది. నాలుగు కాళ్ళ జంతువు పోయినా రెండు కాళ్ళదే పోయినట్టు జాడ ఒకే గీతగా ఉంటుంది. తల వీపు కంటే పైకి లేవదు. తోక ఉన్నదన్న సంగతే దానికి గుర్తుండదు. మనల్ని చూస్తున్నప్పుడు మన దిక్కు చూడదు. ఇరవై ఏళ్ళు గొర్లు కాసినవాడు అతను. రచన గబగబా గీసుకోబోయింది, కానీ వేళ్ళతో చూపించింది వేళ్ళలాగే వచ్చింది. భుజం ఎట్లా కదులుతుంది, నడుం ఎక్కడ వంగుతుంది అని అడుగుతూ పోయింది. దాసయ్య చెప్పలేక అటూ ఇటూ చూశాడు. ఒంటితో చూపిస్తే తప్ప తెలవదు అన్నాడు, అని వెంటనే నాలుక కరుచుకున్నాడు.

ఇక రచన వదుల్తుందా? ఆ సాయంత్రం దాకా మెట్ల మీద కనిపించినప్పుడల్లా బతిమాలింది. ఆట సంగతి, శనివారం సంగతి, మూడు నెలల సంగతి, ప్రెస్సు సంగతి అన్నీ చెప్పింది. దాసయ్య ఒకటే భయపడ్డాడు. ఈ వయసులో నాలుగు కాళ్ళ మీద పాకితే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? బుగ్గమ్మ వింటే ఏమంటుంది?

"నేను, సుమంత్ తప్ప ఎవ్వరు చూడరు దాసయ్యా. వీడియో తీసుకుంట, పని కాంగనే చెరిపేస్త. మాటిస్తున్న" అంది రచన.

దాసయ్య కాసేపు ఆమె మొహం చూసి, సరే అమ్మ అన్నాడు.

మర్నాడు పదిన్నరకు, ఫ్లాట్లవాళ్ళంతా ఆఫీసులకు పోయాక, ముగ్గురూ డాబా మీదికి ఎక్కారు. ఇందిరా పార్కు దిక్కు పోయే ఏదో ఊరేగింపు మైకు దూరంగా వినిపిస్తోంది. దాసయ్య తన నల్ల గొంగడి తెచ్చుకున్నాడు. డాబా తలుపు గడియ పడ్డదో లేదో తానే పోయి చూసుకున్నాడు. పంచె ఎగగట్టి, గొంగడి వీపు మీద కప్పుకుని, అరచేతులు గచ్చు మీద ఆనించాడు. సుమంత్ ఆఫీసు కెమెరా కంటికి పెట్టుకుని నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కున్నాడు.

దాసయ్య నడిచాడు. మొదటి రెండడుగులు ముసలి మనిషి పాకినట్టే ఉంది. మూడో అడుగుకు భుజం ఒకటి లేచి రెండోది లోపలికి పోయింది. తల కిందికి దిగి అక్కడే నిలిచింది, కింద ఒళ్ళంతా కదులుతున్నా తల కదల్లేదు. నీళ్ళ ట్యాంకు దగ్గరికి పోయి ఆగి, ఒక చెయ్యి గచ్చుకు ఆనీ ఆనకుండా పైన పట్టి, వాళ్ళ దిక్కు చూడకుండా వాళ్ళను చూశాడు. నవ్వుదామనుకున్న సుమంత్ కెమెరా వెనక ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

నాలుగుసార్లు నడిపించారు. మోకాళ్ళు గీసుకుపోయి కాస్త నెత్తురు కూడా కనిపించింది. ట్యాంకు నీడలో కూర్చుని దుమ్ము దులుపుకుంటూ దాసయ్య, ఇంతకీ ఈ తోడేలు ఏం తప్పు చేసిందని దాన్ని చంపుతారమ్మా అని అడిగాడు. రచనకు డెన్మార్క్ వాళ్ళు పంపిన కథ కాగితం గుర్తుంది, చెప్పింది. ఫెన్రిర్ పిల్లగా ఉన్నప్పుడు దేవుళ్ళే ఇంట్లో పెట్టుకుని పెంచారు. అది పెద్దదవుతుంటే వాళ్ళకు భయం పట్టుకుంది. మెత్తటి పట్టుతాడొకటి తెచ్చి, ఉత్త ఆటే, కట్టించుకో, తెంపుకోలేకపోతే మేమే విప్పేస్తాం అన్నారు. తోడేలుకు అనుమానమొచ్చింది. మీలో ఒకరు నా నోట్లో చెయ్యి పెట్టి ఉంచండి, అప్పుడు కట్టించుకుంటా అంది. ఎవరూ ముందుకు రాలేదు. చివరికి ఒక్క దేవుడు పెట్టాడు. కట్టేశారు. అది తెంపుకోలేక గింజుకున్నా ఎవరూ విప్పలేదు, నోట్లో ఉన్న చేతిని అది కొరికేసింది. అందరూ పగలబడి నవ్వారు, చెయ్యి పోయినవాడు తప్ప.

దాసయ్య విని, మోకాలి మీది నెత్తురు గొంగడి కొసతో తుడుచుకున్నాడు. తర్వాత, దానికైతే అప్పటిదాకా ఏ తప్పూ లేదు గదమ్మా అన్నాడు.

వాళ్ళ దిక్కు మంద దగ్గర తోడేలు పేరు ఎత్తరట. అది వచ్చి ఒక గొర్రెను పట్టుకుపోతే దాని వంతు అది తీసుకుపోయింది అనుకుంటారట. మరీ మందంతా పాడుచేస్తే మాత్రం ఊరంతా కూడి కొడతారు. దాసయ్య కూడా ఒకసారి కొట్టినవాళ్ళలో ఉన్నాడు. మరి చచ్చేటప్పుడు ఎట్లా పడిపోతుందో అదీ చూపించు, ఆ బొమ్మలు కూడా గీయాలి అని రచన ఆశగా అడిగింది.

"అది నాకు తెల్వదమ్మ. కొడ్తం గని సచ్చేదాన్ని సూడం. మొకం తిప్పుకుంటం. ఒకలు సూస్తుంటె సచ్చుడు దానికి సిగ్గయితది" అన్నాడు దాసయ్య.

గొంగడి మడిచి చంకన పెట్టుకుని, చుట్టూ ఒకసారి చూసి, మెట్లు దిగిపోయాడు.

మూడు రోజులు రచన తల ఎత్తలేదు. టీవీలో దాసయ్య నడకను ఆపి, ఒక్కో భంగిమా గీసి, మధ్యలోవి నింపింది. శనివారం పంపిస్తే సోమవారం జవాబు వచ్చింది. ఇదీ తోడేలంటే అని రాశారు. కిషన్ రావు స్వయంగా అందరికీ చాయ్ చెప్పాడు. రచన కిందికి పరుగెత్తి దాసయ్యకు చెబితే, నడిచిందా అమ్మ అని చిన్నపిల్లవాడిలా నవ్వాడు. ఇక చావు ఒక్కటే మిగిలింది. దానికీ పన్నెండు బొమ్మలు, దానికీ శనివారమే గడువు.

టేపు అప్పుడే చెరిపేయవలసింది. చెరిపేద్దామనే రచన సొరుగు తీసింది కూడా. చావు బొమ్మలకు ఏమైనా పనికొస్తుందేమో, ఈ ఐదు రోజులు ఉంచుదాం అనుకుని మళ్ళీ సొరుగులోనే పెట్టింది. టేపు మీద తోడేలు నడక అని తన చేత్తోనే అందంగా రాసిన చీటీ ఉంది. సొరుగుకు తాళం లేదు.

చావు కుదరడం లేదు. ఎగిరి పడేట్టు గీసింది, మెలి తిరిగి వెల్లకిలా పడేట్టు గీసింది. సినిమాలో రౌడీ చచ్చినట్టుందని సుమంత్ అన్నాడు. అతను ఉన్నమాటే అన్నాడు. బుధవారానికి బుట్ట నిండా చచ్చిన తోడేళ్ళు.

గురువారం మధ్యాహ్నం కిషన్ రావు దగ్గరికి నారాయణగూడ నుంచి ముగ్గురు పెద్దమనుషులొచ్చారు. ఆయన వ్యాపారంలో భాగం తీసుకుందామనుకుంటున్నవాళ్ళు. ఆయన వాళ్ళకు ఆఫీసంతా తిప్పి చూపించి, డెన్మార్క్ వాళ్ళ పొగడ్త చదివి వినిపించి, ఇంకా ఏదో చూపించాలన్న హుషారులో రచన సొరుగు లాగాడు. ఏ సొరుగైనా లాగే హక్కు ఆయనకుంది. మా వాళ్ళు పనికోసం ఎంతదాకా పోతారో చూడండి అంటూ టేపు తీసి పెట్టాడు.

రచన లేచి నిలబడింది. సార్ అంది. ఆ ఒక్క మాటే వచ్చింది, అదీ ఎవరికీ వినిపించలేదు. తెర మీద దాసయ్య పంచె ఎగగట్టి గొంగడి కప్పుకుంటున్నాడు. అతను చేతులు నేల మీద పెట్టాడో లేదో ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆఫీసులో మిగతావాళ్ళూ అందుకున్నారు. వాచ్‌మనా, అరె మన వాచ్‌మనేనా అని ఒకాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. కిషన్ రావు నవ్వుతూనే రచన దిక్కు తిరిగి, ఈ అమ్మాయి ఐడియానే అని పరిచయం చేశాడు.

అందరూ తన దిక్కే చూస్తున్నారు. రచన నవ్వింది.

ఎందుకు నవ్విందో ఎవరైనా అడిగినా ఆమె చెప్పలేకపోయేది. పెద్దవాళ్ళు మనల్ని చూసి నవ్వితే తిరిగి నవ్వడం చిన్నప్పటి నుంచీ ఒంటికి పట్టిన అలవాటు, అంతే. నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే తలుపు దగ్గర దాసయ్య కనిపించాడు. ముగ్గురు పెద్దమనుషులకు చాయ్ తెమ్మని పంపింది కిషన్ రావే. ఒక చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిలో గ్లాసుల స్టాండు. ఎంతసేపటి నుంచి అక్కడున్నాడో తెలియదు. అతను తెర దిక్కు చూడటం లేదు. రచన దిక్కే చూస్తున్నాడు.

ముందు ఆ చూపు పోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ అవి ఎవరినీ చూడటం లేదు. తర్వాత మెడలో బిగువు పోయింది, తల మాత్రం వాలలేదు. చేతిలోవి కింద పెట్టడానికి జాగా వెతుక్కున్నాడు. ఒక గ్లాసు కూడా చప్పుడు కాకుండా నేల మీద పెట్టి, ఆ చేతిని అక్కడే ఆనించాడు. ఒక మోకాలు మడిచాడు. ఆగాడు. రెండోది మడిచాడు. ఒళ్ళంతా మెల్లగా గోడ దిక్కు తిప్పుకుని కూర్చున్నాడు. అతను కూర్చోవడం రచన తప్ప ఎవరూ చూడలేదు. ఆమె మొదటి నుంచి చివరిదాకా, రెప్ప వేయకుండా చూసింది.

నిమిషం తర్వాత దాసయ్య లేచి, గ్లాసుల్లో చాయ్ పోసి, ఎవరిది వాళ్ళకు అందించి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి బిల్డింగంతా తెలిసిపోయింది. పెద్దమనుషుల కారు డ్రైవర్ గేటు దగ్గర ఊళ పెట్టాడు. పక్క బిల్డింగు వాచ్‌మన్ పెట్టాడు. శుక్రవారం పొద్దున రెండో అంతస్తు పిల్లలు స్కూలు ఆటో ఎక్కుతూ దాసయ్య ముందు నాలుగు కాళ్ళ మీద నిలబడి చూపించారు. వాళ్ళ తల్లి కోప్పడుతూనే నవ్వింది. బుగ్గమ్మ పై ఫ్లాట్లలో గిన్నెలు తోముతుంటే, మీ ఆయన మనుషులను కరుస్తాడా అని ఒకావిడ వేళాకోళం ఆడిందట. బుగ్గమ్మ చేతిలో గిన్నె అక్కడే పెట్టి కిందికి వచ్చేసిందట.

రచన టేపు తీసుకుని కిందికి పోయింది. దాసయ్య మెట్ల కింద గది ముందు పీట మీద కూర్చుని మోటారు పైపుకు గుడ్డ చుడుతున్నాడు. ఆమె అతని ఎదుటే టేపు లోపలి రీలంతా బయటికి లాగేసింది. అది ఆమె కాళ్ళ దగ్గర కుప్ప పడింది. ఇక ఎవరూ చూడలేరు దాసయ్యా అంది. తప్పు నాదే అంది. సారు సొరుగు తీస్తారనుకోలేదు అంది. ఆ చివరి మాట అనకుండా ఉండవలసిందని అన్నాక తెలిసింది.

దాసయ్య గుడ్డ ముడి వేసి, పంటితో కొసను తెంపాడు. అతని గొంతులో కోపం లేదు. అదే ఆమెకు భరించరాకుండా ఉంది.

"ఆ కథల ఒక్కడన్న చెయ్యి పెట్టిండు గదమ్మ" అన్నాడు.

అని పైపు పట్టుకుని మోటారు దగ్గరికి పోయాడు.

రచన పైకి వచ్చి బల్ల ముందు కూర్చుంది. పని మానేసి ఇంటికి పోదామనే అనుకుంది. కళ్ళు మూసుకుంటే తలుపు దగ్గర ఆ మనిషి కనిపిస్తున్నాడు. లైటు వేసింది. ఒక కాగితం మేకులకు తగిలించింది. మొదటి బొమ్మ, చూపు పోవడం. రెండోది, మెడ. మూడు, నాలుగు, ఐదు, పడటానికి జాగా వెతుక్కోవడం. ముందుకాలు నేలకు ఆనించడం ఆరో బొమ్మ, ఆగడానికి ఏడో బొమ్మ. పన్నెండో బొమ్మలో తోడేలు ఆడేవాడి దిక్కు వీపు తిప్పుకుని ఉంటుంది. రెండు గంటల్లో అయిపోయాయి. ఒక్క గీత కూడా తుడవలేదు. చేస్తున్నదేమిటో ఆమెకు తెలుసు, సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి, అయినా చెయ్యి ఆగలేదు. కాగితాలు వేళ్ళ మధ్య ఆడించి చూస్తే ఎంత బాగా వచ్చిందంటే, ఆమె వాటిని బల్ల మీద బోర్లించేసింది.

శనివారం సుమంత్ వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి రంగులు వేసి పంపాడు. ఆదివారం నాడు దాసయ్య బిల్డింగు యజమానికి చెప్పి పని మానేశాడు. లోయర్ ట్యాంక్ బండ్ దిక్కు బస్తీలో వాళ్ళ ఊరివాళ్ళున్నారు, వాళ్ళతోపాటు స్లాబు పనికి పోతాడట.

సోమవారం డెన్మార్క్ వాళ్ళ ఫాక్సు వచ్చింది. మా ఆటలో ఉన్న చావులన్నిటిలోకీ ఇదే గొప్పది, గీసిందెవరు అని అడిగారు. కిషన్ రావు ఆ కాగితాన్ని గోడకు అంటించి, నువ్విక మా మనిషివి రచనా, నెలలు లెక్కపెట్టకు అన్నాడు. రచన థాంక్స్ సార్ అంది. చాయ్ ఎవరో కొత్తతను తెచ్చాడు.

పదకొండింటికి బుగ్గమ్మ వచ్చింది. గది సామాన్లు సర్దేశామని, ఆఫీసు తాళంచెవి ఇచ్చి రమ్మన్నాడని చెప్పింది. కొంగు ముడి విప్పుతూ ఆగిపోయింది. సుమంత్ కంప్యూటర్‌లో తోడేలు చావు ఆడుతోంది. మంచు మీద తోడేలు చూపు పోగొట్టుకుని, జాగా వెతుక్కుని, ఒక కాలు ఆనించి, ఆగి, వీపు తిప్పుకుని కూర్చుంటుంది. తెర ఖాళీ అవుతుంది. మళ్ళీ లేచి నిలబడి ఉంటుంది. మళ్ళీ మొదలు.

బుగ్గమ్మ మూడుసార్లు చూసింది.

"మా ఆయన ఆ దినం కిందికొచ్చి గిట్లనే కూసున్నడు" అంది.

సుమంత్ చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. అది మళ్ళీ ఎందుకు లేస్తున్నదని బుగ్గమ్మ అతన్నే అడిగింది. ఆట కదా, ఒకసారి చంపితే మళ్ళీ వస్తుంది, ఆడేవాళ్ళు మళ్ళీ చంపాలి అని సుమంత్ నసిగాడు.

"ఎన్నిసార్లు?"

"ఎంతమంది ఆడితే అన్నిసార్లు" అన్నాడు సుమంత్.

బుగ్గమ్మ మొహం గోడ దిక్కు తిప్పుకుంది. అట్లా తిప్పుకునే, ఎవరి దిక్కూ చూడకుండా, తాళంచెవి ఉన్న చెయ్యి చాచింది. రచన లేచి పోయి తీసుకుంది. కొంగులో ఇంతసేపు ఉన్నందుకు తాళంచెవి వెచ్చగా ఉంది. ఆపు సుమంత్ అంది రచన. అతను ఏ మీట నొక్కాలో తోచక తడుముకున్నాడు. బుగ్గమ్మ గోడ వెంబడే నడుచుకుంటూ తలుపు దాటి పోయేదాకా తోడేలు ఇంకోసారి లేచి, ఇంకోసారి జాగా వెతుక్కుని కూర్చుంది.